ఇగ ఏం ఇందాం?

మా చిల్కానగర్ చౌరస్తాలో కూరగాయల బండి దగ్గర కాసేపు నిలబడి చూడండి. బెండకాయల కొసలు విరుస్తూ ఒకావిడ తనలో తానే నవ్వుకుంటుంది. చెవిలో తెల్లటి బుడిపె. పక్కనే స్కూటీ మీద ఒక కాలు నేలకానించిన కుర్రాడు ఎవరితోనో ఫోన్‌లో ఉన్నాడనుకుంటాం గానీ వాడి పెదవి కదలదు, చూపు మాత్రం ఎక్కడో ఉంటుంది. పాటలు వినేవాళ్లను ఇట్టే పట్టెయ్యొచ్చు, తలో కాలో ఊగుతుంది. కథ వినేవాళ్లు కదలరు. చిల్లర కూడా సరిగ్గా లెక్కపెట్టుకోరు.

మీరూ ఆ జాతేనా? అయితే ఇటు జరిగి కూచోండి. కాకపోయినా కూచోండి, చాయ్ ఎలాగూ పెట్టాను.

ఈ మధ్య నలుగురం కలిస్తే ఒకటే ముచ్చట. ఏం వింటున్నారు, అది అయిపోయాక ఏం వినాలి? మొదటి సగానికి జవాబు తేలిక. రెండో సగమే చిక్కు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఏరుకున్నప్పుడు పుస్తకం బరువు తెలిసేది, నాలుగు పేజీలు తిప్పితే అక్షరం సంగతి తెలిసేది, ఎవరో పెన్సిల్‌తో గీసిన గీతలు కూడా ఒక సిఫార్సే. ఫోన్‌లో అట్ట బొమ్మలన్నీ ఒకే కొలత. వేయిపడగలూ, వారపత్రిక సీరియలూ పక్కపక్కనే బొటనవేలంత చోటులో సర్దుకుని ఉంటాయి. అచ్చంగా తెలుగు కోసమే పుట్టిన దాసుభాషితం ఉంది, స్టోరీటెల్ ఉంది, కుకు ఎఫ్‌ఎం ఉంది, ఇవేవీ వద్దనుకుంటే యూట్యూబ్ సముద్రం ఉండనే ఉంది. ఇక మనకేం కావాలో మనకంటే తమకే బాగా తెలుసనుకునే సిఫార్సుల వరసలు. పొరపాటున ఒక్క దెయ్యం కథ వింటే చాలు, మర్నాటికి ఫోన్ నిండా దెయ్యాలే.

నా మటుకు నేను తేల్చుకున్నది ఒకటుంది. పుస్తకం పేరు చూసి ఎంచుకోవడం కంటికి అలవాటైన పద్ధతి. చెవికి అది పనికిరాదు. చెవికి ముందు గొంతు కావాలి. ఎంత గొప్ప నవలైనా, చదివే మనిషి పది పన్నెండు గంటలు మనింట్లో మకాం పెట్టే చుట్టం. వంశం ఎంత గొప్పదైతేనేం, పొద్దున్నే ఆ దగ్గు భరించలేకపోతే?

గొంతును పరీక్షించడానికి మొదటి నిమిషాలు నమ్మకండి. మొదట్లో ఎవరైనా ఇస్త్రీ చొక్కాలోనే ఉంటారు. మధ్యలోకి వెళ్లండి, ఇద్దరు మనుషులు మాట్లాడుకునే చోటుకు. మంచి చదువరి ఆడ గొంతు కోసం సన్నగా కీచుమనడు, ముసలి గొంతు కోసం వణకడు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో మార్చుకుంటాడంతే, ఎవరు మాట్లాడుతున్నారో మనకు తెలిసిపోతుంది. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే, తిట్టు ఉన్న చోటు వెతకండి. తెలుగు కథలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తిట్టకుండా ఉండరు. ఆ తిట్టును చదువరి సిగ్గుపడుతూ అప్పగిస్తున్నాడా, లేక నిజంగానే కోపం వచ్చిందా? సిగ్గుపడితే ఆ పుస్తకం అక్కడికి ఆపెయ్యండి. తిట్టు పలకనివాడికి ప్రేమ మాటలు కూడా పలకవు.

ఈ సంగతి మనకు కొత్తగా ఫోన్లు వచ్చి నేర్పిందేం కాదు. మా పక్కనే బీరప్పగడ్డ ఉంది. ఆ బీరప్ప కథను, మల్లన్న కథను, ఎల్లమ్మ కథను రాత్రంతా చెప్పే ఒగ్గు కళాకారుల సంగతి మీకు నేను చెప్పాలా? ప్రధాన కథకుడు ఒక మాట అంటాడు, పక్కనున్న వంత దాన్ని అందుకుంటాడు, డోలు మీద దెబ్బ పడుతుంది, ఊరు ఊరంతా మేలుకుని కూచుంటుంది. కథ అందరికీ తెలిసిందే. పోయినేడు కూడా విన్నదే. మరి ఎందుకు వెళ్తారు? చుక్క సత్తయ్య చెప్తున్నాడంటే వెళ్తారు, మిద్దె రాములు చెప్తున్నాడంటే వెళ్తారు. జనగామ దిక్కు సత్తయ్యకు సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 2017లో ఆయన పోయినప్పుడు పోయినవి కథలు కావు, అవన్నీ ఇంకా ఉన్నాయి. పోయింది ఆ గొంతు. అదృష్టం కొద్దీ కొంత రికార్డుల్లో మిగిలింది. ఎన్నడూ వినకపోతే ఓ రాత్రి వినండి. మొదటి పావుగంట గట్టు మీదే ఉంటాం, తరవాత కాలు తడుస్తుంది.

రేడియో కాలం వాళ్లకూ ఇది తెలుసు. ఉషశ్రీ గారి రామాయణమో భారతమో విజయవాడ కేంద్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం వస్తుంటే వీధిలో నడిచి వెళ్లేవాళ్లకు ఒక్క వాక్యం కూడా తప్పిపోయేది కాదట, ప్రతి ఇంట్లోనూ అదే గొంతు కాబట్టి. ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1990లో పోయారు. ఆ గొంతుకు మాత్రం ఇప్పటికీ కొత్త శ్రోతలు పుడుతూనే ఉన్నారు. అందులో పాండిత్యం ఉంది, కాదనను. కానీ కట్టిపడేసేది పాండిత్యం కాదు. ధర్మరాజు మీద ఆయనకు వచ్చే విసుగు. పెద్దమనిషి ఇంట్లోవాళ్ల గురించి విసుక్కున్నట్టు విసుక్కుంటారు.

మా నాచారం వైపు వెళ్తే ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణా స్టూడియో ఉంది. అటు వెళ్లినప్పుడల్లా నాకు సినిమా తెర గుర్తుకురాదు, దానవీరశూరకర్ణ కేసెట్లు గుర్తుకొస్తాయి. 1977 నాటి సినిమా. కొండవీటి వేంకటకవి సంభాషణలు. వినాయక చవితి పందిట్లో, పెళ్లి విడిదిలో, ఇరానీ హోటల్లో బొమ్మ లేకుండా ఉత్త మాటలు మోగేవి. జనం పనులాపుకుని వినేవాళ్లు. నిఘంటువు లేనిదే అర్థం కాని సమాసాలు బడి మెట్లెక్కని వాళ్ల నోట కూడా తిరగడం అప్పుడే చూశాం. దాన్ని ఎవరూ ఆడియో పుస్తకం అనలేదు, అంతే తేడా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గొంతు తరవాత నేను చూసేది యాస.

తెలుగు అచ్చులో యాసను కంటితో చదవడం చాలామందికి కష్టం. చిత్తూరు జిల్లా మాటను నామిని సుబ్రమణ్యం నాయుడు అచ్చెత్తినట్టు రాశారు. మన దిక్కు పాఠకుడు మొదటి పేజీలో నాలుగు చోట్ల ఆగిపోతాడు. రావిశాస్త్రి విశాఖ మాటా అంతే, వంశీ పసలపూడి మాటా అంతే. అటువాళ్లకు దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ సంభాషణలూ అలాగే అడ్డం పడతాయి. కన్ను ఒక్కో అక్షరాన్నీ నిలబెట్టి అనుమానంగా చూస్తుంది. చెవికి ఆ అనుమానం లేదు. ఆ ఊరివాడు ఆ ఊరిమాట చదివితే పది నిమిషాల్లో రాగం పట్టుబడుతుంది, ఆ తరవాత తెలియని మాట కూడా తెలిసినట్టే సాగిపోతుంది. చిన్నప్పుడు మనం తెలుగు నేర్చుకున్నదీ ఇలాగే కదా, ఎవరూ ముందు అక్షరమాల ఇచ్చి ఆ తరవాత అమ్మ అనమనలేదు.

అయితే ఇందులో ఒక మెలిక. ఆ ఊరివాడే చదవాలి. మా కింది వాటాలో ఒక పెద్దమ్మ ఉంది. నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన మనిషి, ఊరు భువనగిరి అవతల. షుగరు వల్ల చూపు తగ్గింది. మనవడు పాత ఫోన్ ఒకటి ఇచ్చి వెళ్తే, అందులో కథలు పెట్టే ఉద్యోగం నాది. ఒకసారి తెలంగాణ కథ ఒకటి పెట్టాను. చదివే అమ్మాయిది తీయటి గొంతు, ఉచ్చారణ స్పష్టం. పెద్దమ్మ పావుగంట విని ఆపేసింది.

“ఏమైంది పెద్దమ్మా, బాలేదా?”

“కథ మంచిగనే ఉన్నది బిడ్డా. గా పిల్లది మన దిక్కు గాదు. పోయిండు, వచ్చిండు అంటున్నది గని, అనెటప్పుడు లోపల నవ్వుతున్నది.”

ఆ నవ్వు నాకు వినబడలేదు. మళ్లీ పెట్టి విన్నాను. ఉంది! సినిమాల్లో ఏళ్ల తరబడి తెలంగాణ మాటను నవ్వించడానికో రౌడీకో ఇచ్చి ఇచ్చి, బయటి నోళ్లకు ఆ మాట అనగానే పెదవి చివర ఒక వంకర అలవాటైపోయింది. చావు కబురు కూడా ఆ వంకరతోనే చదువుతారు. గోదావరి మాట చదివే మనవాళ్లూ తక్కువేం కాదు, ప్రతి వాక్యం చివర ఆయ్ అని తగిలించి అదే యాస అనుకుంటారు. పరాయి యాసను మిమిక్రీ చేసేవాళ్ల కంటే, తమ సొంత మాటలో మామూలుగా చదివేసేవాళ్లు వెయ్యి రెట్లు నయం.

కాబట్టి తరవాత ఏం వినాలని నన్నడిగితే నా సలహా ఇదీ. ఇప్పుడు విన్నది ఏ జిల్లా మాటో చూసుకోండి, తరవాతిది దానికి దూరంగా ఉండే జిల్లాలో వెతకండి. నల్లగొండ తరవాత చిత్తూరు. చిత్తూరు తరవాత విశాఖ. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’తో నెల్లూరు జిల్లా గల్లీల్లోకి వెళ్లి రండి. రచయిత పేరు పట్టుకుని ఒకరివే వరసగా వింటే మూడో పుస్తకానికి మొహం మొత్తుతుంది. మాట మారితే అదే ఆకలి మళ్లీ వేస్తుంది.

ఇక ఎంత పొడవుది వినాలి? ఇది మీ దారిని బట్టి. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్లేవాళ్లు భాగ్యవంతులు. 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి అమీర్‌పేట దాకా, 2019 నవంబర్‌కు రాయదుర్గం దాకా రైలు వచ్చాక, మా వైపు వాళ్ల చేతికి రోజూ పోనూ రానూ రెండు గంటల కథాకాలం దొరికింది. వాళ్లు ధైర్యంగా పెద్ద నవల ఎత్తుకోవచ్చు. హబ్సిగూడకో తార్నాకకో దిగిపోయేవాళ్లకు సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ లాంటివి ఉండాలి. నూరు కథలు, చిన్నవి, ఒక్కో కథ దిగే స్టేషన్ లోపే ముగుస్తుంది. 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన పుస్తకం, అంత గొప్పదై ఉండి అంత క్లుప్తంగా ఉండటం తెలుగులో అరుదు, ఎవరూ కోపగించుకోకండి. నారపల్లి వైపు బస్సులో వెళ్లేవాళ్లకు నేను సలహా ఇవ్వను. ఆ రోడ్డు మీద ఏళ్లుగా సాగుతున్న ఫ్లైఓవర్ పనుల పుణ్యమా అని వాళ్లు భారతం పద్దెనిమిది పర్వాలూ వినగలరు.

మరో మాట. ఉప్పల్ రింగు రోడ్డు దాటేటప్పుడు రెండు చెవులూ మూసుకోకండి, ఒక చెవి లారీలకు వదలండి. 2023లో ఆకాశవంతెన వచ్చాక పైన నడవడం హాయిగానే ఉంది గానీ, అందరం దాన్నే ఎక్కుతున్నామా?

చెవికి పెట్టకూడని పుస్తకాలూ ఉన్నాయి. తేదీలూ వంశవృక్షాలూ కిక్కిరిసిన చరిత్ర వింటూ పప్పు తాలింపు వేస్తే, ఏ రాజు ఎవరి కొడుకో తేలేలోపు ఆవాలు మాడతాయి. ప్రబంధ పద్యాలు కూడా, పుస్తకం ఒళ్లో లేకుండా వినడం నా వల్ల కాదు, ఒక్కసారి విని అన్వయం కుదుర్చుకునేంత చెవి నాకు లేదు. నాటకం మాత్రం ఎప్పుడైనా సరే. ‘కన్యాశుల్కం’ రేడియో రూపంలో విన్నాక చదివితే పేజీలోంచి గొంతులు వస్తాయి, ఎంత వద్దన్నా ఆగవు.

యంత్రపు గొంతుల సంగతి కూడా చెప్పేస్తాను, చిరాకు తీరుతుంది. ఇప్పుడు మనిషి అక్కర్లేకుండా కంప్యూటరే చదివేస్తోంది. ఈ మధ్య ఒక పుస్తకంలో “డా.” అని ఉన్న ప్రతిచోటా “డా” అని ఆగి, ఊపిరి పీల్చుకున్నట్టు నటించి, తరవాత పేరు చదివింది. పెళ్లి వాక్యమూ అదే స్వరం, పాడె వాక్యమూ అదే స్వరం. రేపు బాగుపడుతుందంటారు. బాగుపడనివ్వండి, అప్పుడు మాట్లాడుకుందాం. అయితే చూపు లేనివాళ్లకు ఇంకెవరూ చదివిపెట్టని పుస్తకాన్ని ఈ యంత్రమైనా చదువుతుందంటే నోరు మూసుకుంటాను.

నిజానికి ఈ సరదా మొత్తం వాళ్ల దగ్గర్నుంచి మనం అరువు తెచ్చుకున్నదే. 1935లో ఇంగ్లండ్‌లో చూపులేని వాళ్ల కోసం మాట్లాడే పుస్తకాలు మొదలుపెట్టారు. మొదటి యుద్ధంలో కళ్లు పోగొట్టుకున్న సైనికులు అప్పటికి చాలామంది. ఒక్కో గ్రామఫోన్ పళ్లేనికి పక్కకు పాతిక నిమిషాల చొప్పున నవల పట్టించేవాళ్లు. మొదట ఎంచుకున్న వాటిలో అగాథా క్రిస్టీ రోజర్ ఆక్రాయిడ్ హత్య నవల ఒకటి. అది చదివినవాళ్లు ఇక్కడ చిన్నగా నవ్వుకుంటారు, చదవనివాళ్లకు కారణం చెప్పను. మన దేశంలో 2016 నుంచి సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది, అచ్చు చదవలేని వాళ్లకు ఎన్నో భాషల పుస్తకాలు ఒకచోట చేరుస్తోంది. ఇలాంటి వాళ్ల కోసం పుస్తకాల రూపం మార్చుకోవడానికి దారి చూపిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. మీ ఇంట్లో, మీ గల్లీలో చూపు తగ్గినవాళ్లు ఉంటే ఈ పేరు వాళ్ల చెవిన వెయ్యండి.

రాసినవాళ్లలోనూ చెవిమనుషులు ఉన్నారు. ‘గణపతి’ రాసి తెలుగువాళ్లను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారికి కుర్రతనం నుంచీ చూపు తక్కువ, చివరికి పూర్తిగా పోయింది. ఒకరు చదివితే ఆయన విన్నారు, ఆయన చెబితే ఒకరు రాసుకున్నారు. విశ్వనాథ ‘వేయిపడగలు’ కూడా కాగితం మీద పుట్టలేదు. ఆయన చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారు, 29 రోజుల్లో అయిపోయిందంటారు. చూస్తే భయపెట్టే ఆ వాక్యాలు వింటే ఎందుకు తేలికవుతాయో ఇప్పుడు అర్థమైందా? అవి నోటి వాక్యాలు. అచ్చులో మూడుసార్లు మొదలుపెట్టి ఆపేసినవాళ్లు, చెవితో ఓ ప్రయత్నం చేసి చూడండి.

కవి గొంతు కావాలంటే శ్రీశ్రీ ఉన్నారు. 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి గారు ‘మహాప్రస్థానం’ను శ్రీశ్రీ చేతిరాతతోనే అచ్చువేసి, ఆయన గొంతులోనే కేసెట్ కూడా చేయించారు. సభల్లో మన కుర్రాళ్లు ఆ గీతాలు ఎంత గర్జిస్తూ చదువుతారో విన్నారు కదా. అసలు మనిషి అలా చదవడు. వినండి, ఆశ్చర్యపోతారు. ముళ్లపూడి ‘కోతికొమ్మచ్చి’ని బాలు చదివింది కూడా విడిచిపెట్టకండి, అది పాట కాకపోయినా బాలు ఎంత పాడగలడో తెలుస్తుంది.

ఎవరివి వినాలో కూడా తెలియని స్థితిలో ఉంటే ఒక దారి ఉంది. కాలిఫోర్నియాలో ఉండి 2007 నుంచి కౌముది పత్రిక నడుపుతున్న కిరణ్‌ప్రభ గారి టాక్ షోలు. ఒక రచయిత జీవితమంతా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేలా చెప్తారు. నాటకీయత ఉండదు, వివరం ఉంటుంది. అది పూర్తయ్యేసరికి ఆ రచయితవి ఏం చదవాలో, ఏం వినాలో మనమే రాసుకుంటాం. ‘ప్రజల మనిషి’ రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాల మూట మోసుకుంటూ కాలినడకన ఊళ్లు తిరిగారు. ఇప్పుడు ఆ మూట ఇలాంటివాళ్లు మోస్తున్నారు.

ఊరికే దొరికింది కదా అని ఏది పడితే అది వినడం గురించి కూడా ఒక్క మాట. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులు వారసులవి. గురజాడ, పానుగంటి, చిలకమర్తి ఎవరైనా చదివి పెట్టొచ్చు. నిన్నమొన్నటి రచయితల నవలలు అడగకుండా చదివేసి పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అనుమతి ఉందన్న మాట మొదట్లోనే చెప్పేవాళ్ల దగ్గర వినండి. అలాంటివాళ్లు చదవడం కూడా కాస్త శ్రద్ధగానే చదువుతారు, ఎందుకో మరి.

పెద్దమ్మకు మాత్రం ఇవేవీ పట్టవు. మొన్న రంగాచార్య నవల అయిపోయింది, అందులో దొరను తిట్టిన తిట్లు రెండు రోజులు నెమరేసింది. ఇగ ఏం ఇందాం అంది. నా వరసలో మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ ఉంది. దూరపు జిల్లా, వేరే మాట, పైగా కడుపుబ్బ నవ్వు.

“అండ్ల ఏముంటది?”

“మొగలితుర్రు అనే ఊరు నుంచి ఒకాయన ఇంట్లో చెప్పకుండా లండన్‌కు పోతాడు, బారిష్టర్ చదవడానికి.”

“ఇమానంలనా?”

“కాదు పెద్దమ్మా, అప్పుడు విమానాలెక్కడివి. రైలెక్కి, తరవాత ఓడెక్కి.”

“పైసలెవ్వరిచ్చిండ్రు?”

“అదే కథ.”

“ఇంట్ల జెప్పకుంట పోయిండంటే పెండ్లి గానోడే ఉండాలె. పెట్టు. మెల్లగ సదివేటోడిదే పెట్టు, మొన్నటి లెక్క ఉరికేటోడిది వద్దు.”